అధ్యాయం 7: సాయంత్రం గేటు దగ్గర

కోకాపేట వైపు ఓ ఇంటర్నేషనల్ స్కూల్లో శనివారం ఓపెన్ హౌస్ ఉందని మా తమ్ముడు, మరదలు నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. వాళ్ళమ్మాయికి ఆరేళ్ళు నిండుతున్నాయి, ఒకటో తరగతిలో చేర్చాలి. పిల్లల చదువుల మీద నాలుగు వ్యాసాలు రాసిన పాపానికి ఇంట్లో ఇలాంటి పనులన్నీ నాకే తగులుతాయి.

లోపల కాఫీ, కుకీలు. ఆడిటోరియంలో డ్రోన్‌తో తీసిన వీడియో. తర్వాత క్యాంపస్ చూపించారు. రోబోటిక్స్ ల్యాబు, కుమ్మరి చక్రం, ఈతకొలను, చివర్లో గుర్రం. నిజం గుర్రమే. మా మేనకోడలు దాన్ని వదిలి రానంది. బతిమాలి తీసుకొచ్చేసరికి అడ్మిషన్ల కౌన్సెలర్ ట్యాబు ముందు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "గ్రేడ్ వన్‌లో మూడు సీట్లే ఉన్నాయి సార్. శుక్రవారం దాకా హోల్డ్ చేయగలను."

కారెక్కాక మరదలు అడిగింది. "ఎలా ఉంది వదినా?"

"గుర్రం బావుంది. మంగళవారం మూడింటికి మళ్ళీ వద్దాం. లోపలికొద్దు, గేటు బయట నిలబడదాం."

"గేటు బయట ఏముంటుందక్కా?" అన్నాడు తమ్ముడు.

"పిల్లలుంటారు."

మంగళవారం ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర నిలబడ్డాం. మూడున్నరకి గేటు తీశారు. ఓ చిన్నది తన బస్సేదో మర్చిపోయి బిక్కమొహం వేసుకుని నిలబడితే, ఒక టీచరమ్మ వంగి, మెళ్ళో ట్యాగు చూసి, చెయ్యి పట్టుకుని బస్సు మెట్టు దాకా తీసుకెళ్ళింది. స్కూలు మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది అప్పుడే. ఈలోగా మరదలు పద్నాలుగో నంబరు బస్సు ఆయాని పలకరించింది.

"నిజాంపేట ఎన్నింటికి చేరుతుందమ్మా?"

"అయిదు దాటుద్దమ్మా. వానొస్తే ఆరు. పిల్లలు నిద్దరోతారు, లేపి దించాల."

మా తమ్ముడు వాళ్ళుండేది నిజాంపేటలో. ముగ్గురం కాసేపు ఏం మాట్లాడలేదు.

డే స్కూలంటే సాయంత్రానికి పిల్ల మళ్ళీ మన చేతికొచ్చే స్కూలు. హాస్టల్ బడిలా పిల్ల భారమంతా అది మోయదు. సగం బడిది, సగం ఇంటిది. కాబట్టి ఎంత గొప్ప స్కూలని కాకుండా, బస్సు దిగే పిల్లలో మన ఇంటికి ఎంత మిగులుతుందని అడగాలి. ఒంట్లో ఓపిక, బుర్రలో ఒక ప్రశ్న, నోట్లో మన మాట, మన చేతిలో నాలుగు డబ్బులు మిగలాలి. ఈ అధ్యాయమంతా ఆ లెక్కే.

ఇంటర్నేషనల్ అన్న పేరు ఎక్కడిది?

1924లో జెనీవాలో నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగుల పిల్లల కోసం ఒక ఇంటర్నేషనల్ స్కూలు మొదలైంది. ఆ తల్లిదండ్రులది ఎప్పుడు ఏ దేశానికి బదిలీ అవుతుందో తెలియని కొలువు. ఎక్కడికి వెళ్ళినా చెల్లే చదువు వాళ్ళకి కావాలి. ఆ అవసరంలోంచే 1968లో అదే ఊళ్ళో ఇంటర్నేషనల్ బాకలారియేట్, మనం ఐబీ అనేది, పుట్టింది. కేంబ్రిడ్జ్ వాళ్ళ ఐజీసీఎస్‌ఈ, మన పదో తరగతి స్థాయి పరీక్ష, 1988లో వచ్చింది. మన దగ్గరా ఇదే కథ. 1972లో పటాన్‌చెరులో ఇక్రిసాట్ వెలిశాక, జొన్న మీద, కంది మీద పరిశోధనకి దేశదేశాల నుంచి వచ్చిన శాస్త్రవేత్తల పిల్లల కోసం అక్కడొక ఇంటర్నేషనల్ స్కూలు నడిచింది.

అంటే ఇది మొదట బదిలీల కుటుంబాల కొలతలకి కుట్టిన చొక్కా. అమెరికా నుంచి వచ్చి మళ్ళీ వెళ్ళే వీలున్నవాళ్ళకి, దుబాయ్‌కో సింగపూర్‌కో ఉద్యోగం మారే వాళ్ళకి అతికినట్టు సరిపోతుంది. మాకు బదిలీల్లేవు, బట్టీ లేని చదువు కావాలి అనేవాళ్ళకీ పనికొస్తుంది. అదీ న్యాయమైన కారణమే. అయితే మీ కారణం ఏదో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "మా కొలీగ్స్ అందరూ అక్కడే వేశారు" అన్న వాక్యం ఈ లెక్కలోకి రాదు.

ఇక బోర్డు మీద ఇంటర్నేషనల్ అని ఉన్నంత మాత్రాన లోపల నడిచేది ఆ చదువే కానక్కర్లేదు. మన ఊళ్ళలో ఆ పేరున్న బళ్ళలో చాలావాటిలో నడిచేది సీబీఎస్‌ఈ. అది తప్పు కాదు. సీబీఎస్‌ఈ చదువుకి ఐబీ ఫీజు కట్టడం మాత్రం మన తెలివితక్కువ. కాబట్టి ఈ రెండూ అడగండి.

ఒకటి, ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా ఏ బోర్డు? ఐబీలో చిన్నపిల్లలకి పీవైపీ, మధ్యవాళ్ళకి ఎంవైపీ, చివరి రెండేళ్ళకి డిప్లొమా. ఒక్కోదానికీ విడిగా అనుమతి ఉండాలి. పీవైపీకి అనుమతి ఉన్న బడికి డిప్లొమాకి ఉండకపోవచ్చు.

రెండు, అనుమతి వచ్చిందా, రాబోతోందా? "మేం క్యాండిడేట్ స్కూల్ మేడమ్" అన్నారంటే ఇంకా రాలేదనే అర్థం. వస్తుందన్న హామీ కూడా కాదు. అనుమతి వచ్చిన బళ్ళ జాబితా ఐబీ వాళ్ళ వెబ్‌సైట్లోనే ఉంటుంది. కారు పార్క్ చేసేలోపు ఫోన్లో చూసేయొచ్చు.

చివరి గుమ్మం నుంచి వెనక్కి

ఆరేళ్ళ పిల్ల డాక్టరవుతుందో డాన్సరవుతుందో ఇప్పుడే తేల్చమని నేను చెప్పను. అయితే ఏ దారిలో ఏ తలుపు మూసుకుంటుందో పెద్దవాళ్ళకి ముందే తెలిసుండాలి.

ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులుంటాయి. ఒక్కోదానికి గరిష్ఠంగా 7 పాయింట్లు, మొత్తం 42. నాలుగు వేల పదాల పరిశోధన వ్యాసానికి, జ్ఞాన సిద్ధాంతం అనే పాఠానికి కలిపి మరో 3. అలా 45. డిప్లొమా చేతికి రావాలంటే కనీసం 24 తెచ్చుకోవాలి. ఆరు సబ్జెక్టుల్ని భాషలు, సాంఘిక శాస్త్రాలు, సైన్సు, లెక్కలు, కళలు అన్న గుంపుల్లోంచి ఏరుకోవాలి. మన వాళ్ళకి చిక్కు ఇక్కడే వస్తుంది. నీట్ రాయాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ చదివుండాలి. ఈ చట్రంలో మూడు సైన్సులు మామూలుగా ఇమడవు. స్కూలు ప్రత్యేకంగా అనుమతి తెప్పించాలి. "మీ దగ్గర డిప్లొమా చేసి నీట్ రాసిన పిల్లలున్నారా? వాళ్ళకి సబ్జెక్టులెలా కుదిర్చారు?" అని అడగండి. తడుముకోకుండా చెప్పారంటే ఆ దారి వాళ్ళు నడిచిందే.

తేదీల సంగతీ చూసుకోండి. డిప్లొమా మే నెల పరీక్షల ఫలితాలు జూలై మొదటి వారంలో వస్తాయి. మన ఇంజినీరింగ్, డిగ్రీ అడ్మిషన్ల హడావుడి అప్పటికే మొదలైపోతుంది. విదేశీ యూనివర్సిటీలు టీచర్లు వేసే అంచనా మార్కుల్ని చూసి ముందే సీటిస్తాయి కాబట్టి బయటికెళ్ళే పిల్లలకి ఈ బాధ తక్కువ.

పదో తరగతి సర్టిఫికెట్ గురించి కూడా అడగండి. ఎంవైపీ అయిదేళ్ళూ చదివినా, చివర్లో ఐబీ వాళ్ళ బయటి పరీక్ష రాయించడం తప్పనిసరి కాదు. కొన్ని బళ్ళు రాయిస్తాయి, కొన్ని చివరి రెండేళ్ళూ ఐజీసీఎస్‌ఈకి మారుస్తాయి. పుట్టినరోజు రుజువు దగ్గర్నుంచి ఇంటర్ అడ్మిషన్ దాకా మన దేశంలో పదో తరగతి కాగితం అడగని చోటుండదు. "పది పూర్తయ్యాక మా అమ్మాయి చేతికి ఏ కాగితం వస్తుంది? పోయినేడాదిది ఒకటి చూపిస్తారా?" అనండి.

మరొక్క మాట. "పది దాకా ఇక్కడ చదివిద్దాం, ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీలో వేద్దాం" అని లోలోపల అనుకునేవాళ్ళు మనలో చాలామంది. పదేళ్ళు ప్రశ్నలడగడం నేర్పి, పదకొండో ఏట నోరు మూసుకుని బిట్లు చెయ్యమంటే పిల్ల ఏమైపోవాలి? ఆ ఆలోచనే ఉంటే దగ్గర్లో ఓ మంచి సీబీఎస్‌ఈ బడి చూసుకోవడం మేలు. డబ్బూ మిగులుతుంది, పిల్లా మిగులుతుంది.

గడియారం లెక్క

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా అబ్బాయిని మూడో తరగతిలో పేరున్న స్కూల్లో వేశాను. ఏ స్కూలో చెప్పను, దాని తప్పేం లేదు. ఇంటి నుంచి గంటా పది నిమిషాలు. పొద్దున్న ఆరున్నరకి సగం దోసె నోట్లో, సగం చేతిలో. సాయంత్రం బస్సు తలుపు తీసేసరికి సీట్లో వాలిపోయి, ఒక కాలికి బూటుండేది, రెండోది కింద ఎక్కడో దొర్లుతుండేది. డ్రైవరు వెతికిచ్చేవాడు. రెండేళ్ళు నేను నిద్రలో ఉన్న పిల్లాణ్ణే పెంచాను. వాడికి స్కూల్లో ఏం నేర్పారో నాకు రిపోర్టు కార్డు చెప్పేది, వాడు చెప్పే ఓపికలో ఉండేవాడు కాదు.

లెక్క వేసి చూడండి. వెళ్ళడానికి 70 నిమిషాలు, రావడానికి 70. ఏడాదికి 180 రోజులు బడి అనుకుందాం. మొత్తం 420 గంటలు. ఐబీ డిప్లొమాలో ఒక సబ్జెక్టుని హయ్యర్ స్థాయిలో చెప్పడానికి పెట్టుకున్న సమయం రెండేళ్ళకి కలిపి 240 గంటలు. స్టాండర్డ్ స్థాయికి 150. రెండూ కలిపినా 390. మా వాడు ఒక్క ఏడాదిలో అంతకంటే ఎక్కువ సమయం ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్ల మీద గడిపాడు.

నా సూత్రం ఇది. చిన్న తరగతుల్లో అరగంట, పెద్ద తరగతుల్లో ముప్పావు గంట దాటకూడదు. గూగుల్ మ్యాప్స్ ఆదివారం చూపించే సమయాన్ని నమ్మొద్దు. వారం మధ్యలో ఒక రోజు బస్సు వెనకాలే మీ బండి పోనివ్వండి. స్టాపులన్నిట్లో అది ఆగిన కొద్దీ నిజం తెలుస్తుంది.

డబ్బు లెక్క

హైదరాబాద్ పడమటి వైపు ఇంటర్నేషనల్ స్కూళ్ళ ఫీజులు లక్షల్లోనే మాట్లాడతాయి. ఉదాహరణకి ఒకటో తరగతిలో ఏడాదికి అయిదు లక్షలనుకోండి. అది ఏటా పది శాతం పెరుగుతుందనుకోండి. పన్నెండో తరగతిలో ఆ ఒక్క ఏడాది ఫీజే 14 లక్షల 27 వేలవుతుంది. పన్నెండేళ్ళకి మొత్తం దాదాపు కోటీ ఏడు లక్షలు. ఇద్దరు పిల్లలైతే రెండింతలు. ఇందులో కాలేజీ ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు. పన్నెండేళ్ళు ఈ బడిలో చదివిన పిల్ల విదేశానికే వెళ్ళాలనుకుంటే, అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. బడికే దాచుకున్నదంతా అయిపోతే, ఏ గుమ్మం కోసం ఇంత దూరం నడిపించామో ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాం.

మా తమ్ముడికి ఈ లెక్క ఎక్సెల్ షీట్లో చూపిస్తే మొదట నవ్వాడు. "జీతాలూ పెరుగుతాయి కదక్కా" అన్నాడు. పెరుగుతాయి. ఒక ఏడాది ఆగిపోతాయి కూడా. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నేను చెప్పాలా? అందుకే ఇద్దరిలో ఒకరి జీతంతోనే ఫీజు గడవాలన్నది నా పట్టుదల. ఆరు నెలల ఫీజు విడిగా పక్కన పెట్టుకోవాలి.

ఫీజు అంటే ఏమేం కలిసినట్టో కాగితం మీద రాయించుకోండి. అడ్మిషన్ ఫీజు, తిరిగొచ్చే డిపాజిట్, బస్సు, భోజనం, యూనిఫాం, ట్యాబు, ట్రిప్పులు, పెద్ద తరగతుల్లో బోర్డుకి కట్టే పరీక్ష ఫీజు. మధ్యలో మానేస్తే ఏది తిరిగిస్తారు, ఎన్ని నెలల ముందు చెప్పాలి? గత మూడేళ్ళలో ఫీజు ఏటా ఎంత పెంచారు?

విద్యాహక్కు చట్టం, 2009లో 13వ సెక్షన్ కూడా గుర్తుంచుకోండి. ప్రకటించిన ఫీజు కాక విరాళం పేరుతో క్యాపిటేషన్ వసూలు చెయ్యకూడదు, దానికి పది రెట్ల దాకా జరిమానా ఉంది. చేర్చుకోవడానికి పిల్లకో తల్లిదండ్రులకో వడపోత పరీక్ష పెట్టకూడదు. అలాగని మొదటి రోజే కౌన్సెలర్ మీద చట్టం విసరక్కర్లేదు. "దీనికి రసీదిస్తారా?" అన్న ఒక్క మాట చాలు, చాలా సంగతులు తేలిపోతాయి.

మామూలు రోజున ఏం చూడాలి

ఓపెన్ హౌస్ అంటే పెళ్ళిచూపులు. అన్నీ సర్దిపెట్టి ఉంటాయి. మామూలు రోజున అపాయింట్‌మెంట్ అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అదీ ఒక సమాధానమే. వెళ్ళినప్పుడు ఈ నాలుగు చోట్లు చూడండి.

నోటు పుస్తకం. మీ పిల్ల చేరబోయే తరగతి కంటే ఒక తరగతి పైవాళ్ళ పుస్తకం చూపించమనండి. టీచరు "గుడ్", "వెరీ గుడ్" అని నక్షత్రాలు అతికించి వదిలేసిందా, "ఇది నీకెలా తెలిసింది?" అని పక్కన రాసిందా? పిల్ల దానికి మళ్ళీ జవాబు రాసిందా? విచారణతో నేర్చుకోవడం అని బ్రోషర్ చెప్పేదానికి రుజువు ఆ రెండో జవాబులో ఉంటుంది.

లైబ్రరీ. కొత్త పుస్తకాలున్నాయని సంతోషపడొద్దు. నలిగిన పుస్తకాలున్నాయా చూడండి. గాజు బీరువాకి తాళం వేసి ఉంటే ఆ పుస్తకాలు మనకి చూపించడానికే కొన్నారు.

చిన్నపిల్లల బాత్రూం. మధ్యాహ్నం భోజనాల తర్వాత చూడండి. నీళ్ళొస్తున్నాయా, తలుపు గొళ్ళెం పిల్లకి అందుతుందా, బయట ఆయా ఉందా. ఇంటికొచ్చేదాకా బిగబట్టుకునే పిల్లలు ఎందరో, లక్షల ఫీజు కట్టే బళ్ళలో కూడా.

టీచర్లు. ఎన్ని డిగ్రీలున్నాయని అడక్కండి. "రెండేళ్ళ కిందట ఈ తరగతికి చెప్పిన వాళ్ళలో ఇప్పటికీ ఎంతమంది ఉన్నారు?" అనండి. ఏడాది తిరిగేసరికి సగం మంది మారిపోయే బడిలో పిల్లని ఎరిగినవాళ్ళు ఎవరూ మిగలరు. గుర్రం మాత్రం ఉంటుంది.

కుదిరితే లంచ్ బెల్లులో ఓ పెద్ద తరగతి పిల్లాణ్ణి పలకరించండి. "స్కూలు బావుందా?" అంటే బావుందనే చెబుతాడు. "నీకు లెక్క అర్థం కాకపోతే ఎవర్ని అడుగుతావు నాన్నా?" అనండి. టీచరు పేరు చెబితే సంతోషం. ట్యూషన్ సార్ పేరు చెబితే ఆ ఫీజు కూడా మీ షీట్లో కలుపుకోండి.

ఇంటి సగం

మా అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్ చేస్తుంది. "ఏం తిన్నావే బంగారం?" అంటే మేనకోడలు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి ఫోను వాళ్ళమ్మకిచ్చేస్తుంది. అమ్మ పైకేం అనదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంది.

ఇందులో బడిని తిట్టి లాభం లేదు. తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగు చెప్పాల్సిందే, సీబీఎస్‌ఈ, ఐబీ అన్న తేడా లేకుండా. వేరే బోర్డుల పిల్లల కోసం తేలిక తెలుగు వాచకం, 'వెన్నెల', కూడా ఉంది. కాబట్టి "తెలుగు ఉందా?" అనకుండా "వారానికి ఎన్ని పీరియడ్లు, ఎవరు చెబుతారు?" అని అడగండి. అయితే పీరియడ్లో అక్షరాలొస్తాయి. నోరు తిరిగేది ఇంట్లోనే. సాయంత్రం అయిదున్నరకి నిద్రమొహంతో దిగిన పిల్లకి నానమ్మతో మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది? అందుకే దూరం, భాష వేరువేరు సంగతులు కావని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

చివరికి మా తమ్ముడు గుర్రం ఉన్న బడి వదులుకున్నాడు. ఆ టీచరమ్మని తలుచుకుని మరదలు రెండు రోజులు బాధపడింది. ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో కేంబ్రిడ్జ్ చదువు చెప్పే చిన్న బడి దొరికింది. ఈతకొలను లేదు. లైబ్రరీలో పుస్తకాల అట్టలు ఊడిపోయి సెల్లోటేపులతో ఉన్నాయి. పాపకి రెండు నెలలు గుర్రం బెంగ.

మొన్న జూలైలో నేను వాళ్ళింట్లో ఉండగా నాలుగు కాకుండానే బస్సొచ్చింది. దిగుతూనే, "అత్తా, చెట్టుకి నోరు లేదు కదా, నీళ్ళెలా తాగుతుంది?" అంది. బళ్ళో టీచరు చెప్పలేదట, ఇంటి దగ్గర కనుక్కురమ్మందట. మా అమ్మ అప్పటికి తెనాలి నుంచి వచ్చి ఉంది. పెరట్లో తెల్ల నందివర్ధనం కొమ్మ విరిచి, గ్లాసు నీళ్ళలో సిరా పోసి, అందులో పెట్టింది. "కాసేపు కూర్చుని చూడవే" అంది. ఇద్దరూ బాల్కనీలో కూర్చున్నారు. పువ్వుకి నీలం ఎక్కడానికి రాత్రయింది. ఆ మధ్యలో వాళ్ళిద్దరూ ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో, అన్నీ తెలుగులోనే.

ఈ వారం చెయ్యాల్సిన పని

ఒక తెల్ల కాగితం తీసుకుని, మీరు అనుకుంటున్న మూడు బళ్ళ పేర్లు పైన రాయండి. ఎడమ పక్క వరసగా ఈ అయిదు రాసుకోండి.

1. మేం ఈ చదువే ఎందుకు కోరుతున్నాం? ఒక్క వాక్యం. ఇద్దరూ విడివిడిగా రాసి, తర్వాత కలిపి చూసుకోండి.

2. ఏ తరగతి దాకా ఏ బోర్డు, అనుమతి ఉందా, పది తర్వాత చేతికొచ్చే కాగితం ఏది?

3. ఇంటి గుమ్మం నుంచి తరగతి గుమ్మం దాకా వారం మధ్యలో ఎన్ని నిమిషాలు? దాన్ని 2తో, 180తో గుణించి, 60తో భాగించండి.

4. పన్నెండేళ్ళ మొత్తం ఎంత? ఒకరి జీతంతో గడుస్తుందా?

5. గేటు దగ్గర ఏం చూశాం?

అయిదో గడి ఇప్పుడు ఖాళీగానే ఉంచండి. ఆఫీసుకి ఒక్కో పూట సెలవు పెట్టి, మూడు మామూలు మధ్యాహ్నాలు మూడు గేట్ల ముందు నిలబడి వచ్చాక నింపండి. కౌన్సెలర్ ఫోన్ చేసి సీట్లు అయిపోతున్నాయంటే, అయిదో గడి ఇంకా నిండలేదని చెప్పండి.